ఆరుకూ ఎనిమిదికీ నడుమ

ఆదోని యార్డులో కాటా నిలిచేది ఆరుకు.
దూది ఇంకా ముక్కుల్లోనే ఉంటాది,
కూలి దుడ్లు అప్పటికే జేబులో పడింటాయి.
యార్డు గేటుకూ మా ఇండ్లకూ నడుమ
ఒగటే వైన్ షాపు.

పదకొండేండ్లు నేను
ఇంట్లో కాదు,
ఆరుకూ ఎనిమిదికీ నడుమ కాపురముంటి.

మొదట పిలిచింది మాబున్ని.
యార్డులో రాలిన పత్తి ఊడ్చే మనిషి.
మందు మొగుణ్ని తినేసినాక
ఎవరికీ నీతులు చెప్పని మనిషి.
"తాగొద్దని నేననను.
ఆరుకు కాటా షెడ్డు కాడికి రాండి,
ఎనిమిదికి పోండి.
ఆ పైన యాడికన్నా పోండి."

మొదటి దినం ముగ్గురం.
కాశీంపీరా, ఉరుకుందు, నేను.
పేపర్లో ఉగ్గాని, ఆరు మిరపకాయ బజ్జీలు,
ప్లాస్కులో టీ.
మాటల్లేవు.
బస్తా లేకుండా, గ్లాసు లేకుండా
మా చేతుల్ని మేము చూసుకున్నది అప్పుడే.
వణుకుతాండాయి.

ఏడుకు ఉరుకుందు లేసిపాయె.
ఎవురూ పట్టుకోలేదు.
మర్నాడు ఏడున్నరకు లేసిపాయె.
మాబున్ని వేళ్ల మీద లెక్కేసి నవ్వె:
"అరగంట మిగిలిందప్పా."

పత్తి బేలుకు నాలుగు కొక్కేలు పడాల.
ఒంటి కొక్కెంతో లేపినోణ్ని
ఈ యార్డులో నేను చూడలేదు.
అంత తెలిసినోళ్లం
ఈ ఒక్క బరువు మాత్రం
ఎవరిది వాళ్లే మొయ్యాలని
ఎందుకనుకుంటిమో.

తిక్కన్న రోషగాడు.
"ఇయ్యాల్టి నుంచి చుక్క ముట్టను" అనె.
మూడో రాత్రికి గోడ నిండా చీమలు కనపడె వానికి,
లేని చీమల్ని దులుపుకుంటా అరిచె.
ఆశా సుగుణమ్మ పరుగున వొచ్చి తిట్టింది మమ్మల్నే:
"ఒక్క దెబ్బకు నిలిపితే ఫిట్సొస్తాయి,
ఇది రోషం పని కాదు, డాక్టరు పని."
కర్నూలు పెద్దాసుపత్రిలో తొమ్మిది దినాలు.
రాత్రికొకరం మంచం కింద పండుకుంటిమి.
వాని వంతు బస్తాలు మేము మోసి
కూలి వాళ్లింట్లో ఇస్తిమి.

ఆ తర్వాత మేస్త్రీని అడిగినాం:
కూలి సాయంత్రమొద్దు, పొద్దున్నే ఇయ్యి.
వారం దినాలు నవ్వినాడు.
ఎనిమిదో దినం
ఇరవైమూడు మంది కొక్కేలు కింద పెడితే
నవ్వడం మానె.
పొద్దున జేబులో పడిన దుడ్లకు
బియ్యం అంగడి దారి తెలుస్తాదని
మాకూ అప్పుడే తెలిసె.

అందరూ మానలేదు. నిజం చెప్పాల.
ఉరుకుందు మూడు క్వార్టర్ల కాడి నుంచి
ఒకటికి వొచ్చి ఆడనే ఉండాడు.
ఉండనీ అంటాది మాబున్ని,
రెండు తగ్గినాయి గదా.

పీర్ల పండగ నాడు నేను జారితి.
షాపు ఎనక, నలిగిన గ్లాసుల నడుమ
కూలబడింటే
ముగ్గురొచ్చి పక్కన కూసునిరి.
ఎందుకు తాగినావని ఒక్కరూ అడగలేదు.
కాశీంపీరా సెల్లు లైటేసి
చీకట్లో యాడో పడిన నా చెప్పు వెతికి తెచ్చి
కాలికి తొడిగె.

షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్న లెక్క
నా పేరు కాడ నూటనాలుగు.
మర్నాడు దాన్ని చెరపబోతే
మాబున్ని చెయ్యి పట్టుకునె.
"ఆ దినాలు నువ్వు బతికినవే గదా,
యాడికి పోతాయి?
దాని కింద రాయి, ఒకటి అని."

ఇప్పుడు ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉంటా.
ఎక్కాల పుస్తకం పట్టుకోని
నా బిడ్డ పక్కకొస్తాది.
కూసునే ముందు
రోంత ముందుకు వంగి
నా నోటి కాడ వాసన చూస్తాది,
ఇంకా.

చూడనీ.